తొక్కి పట్టుకోమ్మా

సీటు వెనక్కి జరిగి ఉంది. అంతోని తన కాళ్ళ పొడవుకు జరిపి పెట్టుకున్న సీటు. ఏడాదైనా దాన్ని ఎవరూ ముందుకు లాగలేదు. తెరేసమ్మ అంచు మీదికి జారి కూర్చుంటే గాని పెడలు అందలేదు. కుడికాలి చెప్పు వదిలి అరికాలు దాని మీద ఆనించింది. నొక్కలేదు, ఊరికే ఆనించి ఉంచింది, నిద్రపోతున్న పిల్ల ఒంటి మీద చెయ్యి వేసినట్టు. రబ్బరు చల్లగా ఉంది. గీతలన్నీ ఒక పక్కకే అరిగిపోయాయి. అతను బూటును ఎప్పుడూ కొంచెం వాలుగా పెట్టేవాడు, ఆ వాలు ఇప్పుడు తన పాదం కింద తెలుస్తోంది. ఇక్కడే. ఆ పొద్దున కూడా కాలు ఇక్కడే ఉండాలి. ఉందో, లేదో. ఆ ఒక్క మాట తెలుసుకోవటానికే ఆమె తన భర్త చనిపోయిన ఈ సీట్లోకి ఇవాళ వచ్చి కూర్చుంది.

“అప్పుడే తొక్కమాకమ్మా,” పైకెత్తిన బానెట్టు అవతల నుంచి మామగారు శౌరయ్య గొంతు. “బ్యాటరీ తగిలిస్తన్నా. నేను చెప్తా.”

“సరే మావయ్యా.”

బానెట్టు కింది సందులోంచి ఆయన చేతులు మాత్రమే కనపడుతున్నాయి, నట్టు బిగిస్తూ. ముఖం లేని చేతులు. అంతోని చేతులూ ఇలాగే ఉండేవి, బొటనవేలి గోరు వెడల్పుగా, ఎంత సబ్బు పెట్టినా గీతల్లో నలుపు పోకుండా. ఆదివారం పూజకు వెళ్ళినప్పుడు ఆ నలుపు కనపడకుండా చేతులు కట్టుకుని నిలబడేవాడు, దేవుడి దగ్గర ఏదో దాచినట్టు. బయట ముసురు. రేకుల మీద చినుకు పడుతోంది, ఆగుతోంది, మళ్ళీ పడుతోంది. పొద్దు ఇంకా ఉన్నా షెడ్డు లోపల దీపాలు పెట్టే వేళలా ఉంది. భవానీపురంలో ఇంటిని ఆనుకుని శౌరయ్య వేసుకున్న ఈ షెడ్డులో ఏడాదిగా ఈ పాత మోరిస్ కారు టార్పాలిన్ కింద పడి ఉంది. కాలువలోంచి లాగి తెచ్చిన రోజున ఎలా ఉందో అలాగే. ఒక్క నట్టు ఆయన తిప్పలేదు, ఎవర్నీ తిప్పనివ్వలేదు. రేపు సంవత్సరీకం పూజ. ఎల్లుండి పాత ఇనుము వాళ్ళు వచ్చి కారు తీసుకుపోతారు. అత్తగారు సంపూర్ణమ్మ మాట్లాడి పెట్టింది. పోయేముందు ఒకసారి చూద్దాం మావయ్యా అని నిన్న తెరేసమ్మే అడిగింది. ఆయన చాలాసేపు అన్నం కలుపుతూనే ఉండి, ఏం చూడాలో అడగకుండా, దానికి ఇద్దరు కావాలమ్మా, ఒకరు తొక్కాలి, ఒకరు చూడాలి అన్నాడు.

ఒకరు తొక్కాలి, ఒకరు చూడాలి. పెళ్ళైన కొత్తలో అంతోని ఆమెను ఈ సీట్లోనే కూర్చోబెట్టి, ఇలాగే తొక్కమనేవాడు. కారు కిందనుంచి అరిచేవాడు, తొక్కు, పట్టుకో, వదులు. గొట్టాల్లో చిక్కిన గాలి బయటకు పోవాలంటే అలా చెయ్యాలట. ఆమెకు నవ్వు వచ్చేది, పట్టుకో అన్నప్పుడు వదిలేసేది, అతను నూనె పడిన ముఖంతో బయటకు వచ్చి, నీతో కాపురం ఎట్టాగే అనేవాడు. అప్పుడే చెప్పాడు. కాలి బరువు నూనె మీద పడుతుంది, నూనె సన్నటి గొట్టాల్లో పరిగెత్తి నాలుగు చక్రాల్నీ పట్టుకుంటుంది, పోతూ పోతూ దారిలో ఒక చిన్న స్విచ్చిని కూడా తోస్తుంది, దాంతో వెనక ఎర్రలైటు వెలుగుతుంది. అంతా నూనెతోనే. నూనె కారిపోయిందనుకో, చక్రం ఆగదు, లైటూ వెలగదు, నేను ఆగాలనుకుంటున్నానని వెనకవాడికి కబురు కూడా అందదు. ఆ మాట అని నవ్వాడు. నవ్వాడా? ఈ ఏడాదిలో ఆ జ్ఞాపకాన్ని ఎన్నిసార్లు తీసి చూసిందో. రబ్బరు మీద గీతల్లాగే అదీ అరిగిపోయింది, ఇప్పుడు దానిలో నవ్వు ఉందో తను పెట్టిందో చెప్పటం ఆమె వల్ల కాదు.

వెనకవాడికి కబురు అందలేదు. వెనకవాడు పామర్రు వైపు నుంచి వస్తున్న బస్సు డ్రైవరు. పెద్దమనిషి, తలకు తువ్వాలు చుట్టుకుని, ఆసుపత్రి వరండాలో నిలబడి చెప్పాడు. “తూలలేదండీ. తాగినట్టేం లేదు. నిదానంగానే పోతన్నాడు. బ్రేకు లైటు మాత్రం వెలగలేదండి. ఇంటి సందులోకి తిప్పుకున్నట్టు తిప్పుకుని కాలవలోకి పోయాడండి.” అదే వరండాలో, అదే స్తంభం పక్కన, శౌరయ్యా ఆమే ఇద్దరూ విన్నారు. శౌరయ్య విన్నది బ్రేకు లైటు మాట. ఆమె విన్నది దాని తరువాతి మాట. మనిషికి ఒక చెవి ఎక్కడ మూసుకోవాలో తెలుసేమో. ఆ రోజు నుంచి ఆయన ఆ సగంతోనూ ఆమె ఈ సగంతోనూ ఒకే ఇంట్లో తిరుగుతున్నారు, ఒకే కుండలో నీళ్ళు ముంచుకుంటున్నారు. లైటు వెలగలేదంటే నూనె లేదన్నమాట, నూనె లేదంటే బ్రేకు లేదన్నమాట, అన్నాడు ఆయన వచ్చినవాళ్ళందరితో. నిజమే. కాని కాలు పెట్టకపోయినా లైటు వెలగదు. ఈ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

ఇంటి సందులోకి తిప్పుకున్నట్టు. స్టీరింగు ఆమె చేతుల కింద ఉంది. కొంచెం ఎడమకు తిప్పి చూసింది. బరువుగా తిరిగింది, కదలని చక్రాలు కింద మట్టిలో గుర్రుమన్నాయి. ఆమె చటుక్కున చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

సీటులో ఇంకా కాలువ వాసన ఉంది. పాచి, ఒండ్రు, వాటి కింద ఎక్కడో పెట్రోలు. కారు ముక్కు మాత్రమే నీళ్ళలోకి దిగి, వెనక చక్రాలు గట్టు మీదే ఉండిపోయాయట. కాలువ నిండుగా ఉంది, నాట్లకు నీళ్ళు వదిలిన రోజులు. ఎండాకాలంలో అయితే కాలువ కట్టేసి ఉండేది, అడుగున బురదే ఉండేది, బట్టలు ఖరాబు చేసుకుని నడిచి వచ్చేవాడు, ఆమె తిట్టి ఉతికేది. ఆ ఎండాకాలంలోనే అంతోని పనిచేసే రైల్వేలో సమ్మె. రైళ్ళు ఆగిన ఆ రోజుల్లో బెజవాడకు బెజవాడే ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. ఇంజన్ల కూత వినపడకపోతే పసిపిల్లలకు నిద్ర పట్టటం లేదని అత్తగారు అనేది. సమ్మె అయిపోయింది, రైళ్ళు కూశాయి, తోటివాళ్ళు ఒక్కొక్కరే పనిలోకి వెళ్ళారు, అంతోనికి పిలుపు రాలేదు. అయినా లోకోషెడ్డుకు వెళ్ళే వేళకే లేచేవాడు. బూట్లు తొడుక్కుని గుమ్మం మెట్టు మీద కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే, బయల్దేరుతున్నా అనేవాడు. తరువాత తండ్రి పాత కారును కిరాయికి తిప్పటం మొదలుపెట్టాడు, అవే బూట్లతో. ఆ బూటు వాలే ఇది, తన అరికాలి కింద. బాధగా ఉందా అని ఆమె ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఉందని చెబుతాడేమోనని.

ఇక ఆ పొద్దున. పామర్రులో పెళ్ళివాళ్ళను దించి వస్తానన్నాడు. క్యారియరులో పెరుగన్నం పెట్టమన్నాడు. పోవాలనుకున్నవాడు అన్నం పట్టుకు వెళతాడా? వెళతాడేమో, పెట్టిన మనిషికి అనుమానం రాకూడదనుకుంటే. పాలవాడితో రేపటినుంచి ఇంకో గిద్దెడు పోయమన్నాడు. రేపు ఉన్నవాడి మాట అది. లేదా రేపు తను లేకపోయినా ఇంట్లోవాళ్ళు పాలు తాగాలనుకున్నవాడి మాట. ప్రతి మాటా రెండు వైపులా తలుపులున్న గదిలా ఉంది, ఏ తలుపు తీసినా అతను అప్పుడే రెండోదానిలోంచి వెళ్ళిపోయి ఉంటాడు. ముందురోజు సాయంత్రం సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఈ కాళ్ళ కిందనే చాప ఎత్తి, నేలలో ఉన్న మూత తీసి, అతను డబ్బాలోంచి బ్రేకు నూనె పోశాడు. దీపం పట్టుకున్నది తనే. నిండుగా పోసి, మూత బిగించి, మూతను అరచేత్తో ఒకసారి తట్టాడు. బ్రేకు బాగుచేసుకున్నవాడు బతకాలనుకున్నవాడే కదా. కాని నూనె పొయ్యాల్సి వచ్చిందంటే ఎక్కడో కారుతున్నట్టే కదా. ఈ రెంటి మధ్య ఆమె ఏడాదంతా అటూ ఇటూ నడిచింది.

ఇందాక శౌరయ్య కూడా అదే చాప ఎత్తాడు. “కాళ్ళు పక్కకు పెట్టుకోమ్మా,” అని ఒంగి, మూత తీసి, వేలు ముంచి చూశాడు. ఆమెకు ఆయన నడినెత్తి మీది పలచటి జుట్టు తప్ప ఏమీ కనపడలేదు. చూడటానికి అంతసేపు పట్టదు. లేచి వేలు గుడ్డకు తుడుచుకున్నాడు.

“ఏంటి మావయ్యా?”

“చూద్దాం,” అన్నాడు. గుడ్డను మడిచి, మళ్ళీ మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

ఏం చూశాడో అడగటానికి ఆమెకు హక్కు లేదు. సమాధుల దొడ్డి గేటు దగ్గర ఫాదరుగారు ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి మెల్లగా అడిగిన ప్రశ్న ఆమెకు తెలుసు. శౌరయ్యా, నాకు చెప్పు, అసలేం జరిగింది? గొయ్యి లోపల తవ్వించాలో, ప్రాణం తీసుకున్నవాళ్ళకు తవ్వినట్టు గోడ బయట తవ్వించాలో ఆ జవాబు మీద ఉందని అడిగిన ఆయనకూ తెలుసు, ఈయనకూ తెలుసు. బ్రేకు పోయిందండీ, అన్నాడు శౌరయ్య, నిటారుగా నిలబడి. నేను చేసిన బ్రేకేనండీ. నా పనిలోనే తప్పుంది. ఫాదరుగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. అంతోనిని వాళ్ళ తాత పక్కన పెట్టారు. అంతవరకు బ్రేకు పనంటే శౌరయ్య దగ్గరికే పోవాలి అనేవాళ్ళు లారీలవాళ్ళు. ఆ మాట ఊళ్ళోకి వెళ్ళాక, కొడుకు బండికే బ్రేకు సరిగా వెయ్యలేనివాడి దగ్గరికి ఎవరొస్తారు. ఆయన కాదనలేదు. ఇప్పుడు బోరింగు పంపులు బాగుచేస్తాడు.

షెడ్డు వాకిట్లో నీడ పడింది. సంపూర్ణమ్మ, రెండు గ్లాసుల్లో టీ, కొంగు నెత్తిన వేసుకుని.

“ఆదివారం పూటన్నా ఆ ఇనుముని వదలకూడదా? ఫాదరుగారు చూస్తే మామనూ కోడల్నీ కలిపి మోకాళ్ళ మీద నిలబెడతారు.”

“ఆయన స్కూటరు ఆదివారం ఆగిపోతే ఎవరు చేశారో ఆయన్నే అడుగు,” అన్నాడు శౌరయ్య తల ఎత్తకుండా.

“అప్పుడు చేశావులే. ఇప్పుడు అదీ గవర్నర్‌పేట మెకానిక్కు దగ్గరికే పోతందిగా.”

చేతులు ఒక్క క్షణం ఆగాయి. తిరిగి నట్టు తిరిగింది. సంపూర్ణమ్మకూ తెలిసినట్టుంది అనకూడని మాట అన్నానని. గ్లాసు కారు కిటికీలోంచి లోపలికి అందిస్తూ, కోడలి నుదుటి మీద చెయ్యి పెట్టి తీసింది, జ్వరం చూసినట్టు. “వాడి సీటు కదే,” అంది. “నువ్వెట్టా కూర్చున్నావే తల్లీ.” అత్తగారికి అనుమానాలు లేవు. కాలువ నా కొడుకుని తీసుకుంది, అంటుంది. పాడు బ్రేకు తీసుకుంది, అంటుంది. మొగుణ్ణి రోజూ తిడుతుంది, రోజూ అన్నం వడ్డిస్తుంది. ఆమె బతుకంతా ఆ పాడు బ్రేకు మీద నిలబడి ఉంది. రేపటి పూజకు ఇంటికి సున్నం వేయించి, మిగిలింది పారబొయ్యలేక ఈ షెడ్డు వెనక గోడకు కూడా వేయించింది. ఏళ్ళ మసి పట్టిన గోడ ఇప్పుడు తెల్లగా ఉంది. “తొందరగా కానివ్వండి, పప్పు రుబ్బాలి,” అని గొణుక్కుంటూ వెళ్ళింది.

టీ వేడిగా ఉంది. తాగబుద్ధి కాలేదు. గ్లాసు పక్క సీటు మీద పెట్టింది. తల మీద అద్దం, అదీ అతని ఎత్తుకే తిప్పి ఉంది. తను కూర్చున్న చోటునుంచి చూస్తే కారు కప్పు తప్ప ఏమీ కనపడటం లేదు. సరిచెయ్యబోయి చెయ్యి దించేసింది. అతను ఆఖరున చూసిన అద్దం. అందులో ఆ బస్సు కనపడి ఉంటుంది, దాని ముందు అద్దం మీది పూలదండ కనపడి ఉంటుంది. వెన్ను నిటారు చేసి, మెడ సాగదీసి, అతనంత ఎత్తు కావటానికి ప్రయత్నించింది. అప్పుడు కనపడింది వెనక కిటికీ, దాని అవతల సున్నం గోడ, ఖాళీగా.

“తాళం తిప్పమ్మా.”

తిప్పింది. ఎదురుగా మీటర్ల మధ్య ఒక చిన్న దీపం వెలిగింది. ఏడాది తరువాత ఆ కారులో మొదటి ప్రాణం.

శౌరయ్య బానెట్టు దించి, ఆమె కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొదటిసారి ఆయన ముఖం కనపడింది. గడ్డం గీసుకున్నాడు ఇవాళ, చెంప మీద చిన్న గాటు. “ఇప్పుడు తొక్కు. మెల్లగా. ఎట్టా దిగుతుందో చెప్పు.”

ఆమె తొక్కింది. పెడలు రెండు వేళ్ళంత దిగి ఆగింది. ఇంకా తొక్కింది. కదల్లేదు. సీటు అంచు నుంచి పైకి లేచి ఒంటి బరువంతా వేసింది. కింద బండరాయి ఉన్నట్టు నిలబడింది. తేలిగ్గా, ఏ మూలుగూ లేకుండా, పనిలో ఉన్న మనిషి లాగా. ఏడాది ఎదురుచూసి, ఎవరైనా తొక్కితే చాలు పట్టుకుంటాను అన్నట్టు. అరికాలి నుంచి పిక్కలోకి, మోకాలిలోకి ఆ గట్టిదనం ఎక్కి వచ్చింది. అయితే ఇది పట్టుకునేది. అడిగి ఉంటే పట్టుకునేది.

“ఎట్టా ఉందమ్మా? దిగుతోందా?”

దిగుతోందా అని అడిగాడు, గట్టిగా ఉందా అని అడగలేదు. ఆమె ఆయన వైపు చూసింది. ఆసుపత్రిలో లోపలి నుంచి వచ్చిన నర్సు ముఖం చూసే మనుషుల చూపు అది. ఈ మనిషి ఏడాదిగా తన కొడుకుని చంపుకున్నవాడిగా బతికాడు. పని పోయింది, పేరు పోయింది, ఇంట్లో రోజూ మాట పడ్డాడు. ఇప్పుడు తను లేదు మావయ్యా, మీ పని బాగుంది అంటే అవన్నీ తిరిగి ఇచ్చినట్టవుతుందనుకుంది ఒక్క క్షణం. కాదు. ఆ తప్పును ఆయన భుజం మీంచి దించితే ఆ స్థలంలోకి ఏం వచ్చి కూర్చుంటుందో ఆమెకు తెలుసు, ఏడాదిగా తనలో కూర్చున్నదే. నా చేతుల్తో పోయాడు అనుకోగలిగితే, వాడు మనల్ని వదిలి పోవాలనుకోలేదు అనుకోవచ్చు. తప్పు ఆయనకు శిక్ష కాదు. చివరికి ఆయన దగ్గర మిగిలిన కొడుకు అదే.

“దిగుతోంది మావయ్యా,” అంది. “మెత్తగా పోతోంది, కింద దాకా.”

ఆయన ఊపిరి వదిలాడు. కిటికీ అంచు మీద అరచేత్తో ఒకసారి తట్టాడు. మూత బిగించాక అంతోని తట్టినట్టే. “అదే,” అన్నాడు. “అదే అనుకున్నా. అయితే లైటు కూడా వెలగదు. ఉండు, చూస్తా.” కారు పక్కనుంచి వెనక్కి నడిచాడు. పాత చెప్పుల చప్పుడు మట్టి మీద మెత్తగా పోయి, ఆగింది.

“తొక్కి పట్టుకోమ్మా.”

ఆమె తొక్కి పట్టుకుంది. వెన్ను నిటారు చేసింది, మెడ సాగదీసింది. అద్దంలో సున్నం గోడ ఎర్రబడి ఉంది. ఆ ఎరుపు మధ్య ఆయన నీడ, ఆయన తెల్ల బనీను కూడా ఎర్రగా, గడ్డం కింద, చెవుల అంచుల దగ్గర ఎర్రగా. చేతులు రెండూ పక్కలకు వేలాడుతున్నాయి. లైటు వైపు చూస్తూ నిలబడ్డాడు. వెలుగుతోందని ఆయన చూశాడు. మెత్తగా పోతోందన్న పెడలుతో లైటు వెలగదని ఆయనకు కాక ఎవరికి తెలుసు. చినుకు ఆగింది. ఇంట్లోంచి రుబ్బురోలు తిరుగుతున్న చప్పుడు. ఆయన కదల్లేదు. ఆమె కాలు తీయలేదు. కాలు తీస్తే ఆ ఎరుపు పోతుంది, పోతే ఆయన చీకట్లో నిలబడతాడు. తీయకపోతే ఆ ఎరుపులోనే నిలబడాలి. అంతోనీ, నువ్వు ఇంతే చెయ్యాల్సింది. ఇంతే. కాలు ఇలా పెట్టి ఉంటే చాలు.

“వెలగట్లేదమ్మా,” అన్నాడు శౌరయ్య.

గొంతు మామూలుగానే ఉంది. వేరే ఎవరి బండి గురించో చెప్పినట్టు. “అప్పుడూ వెలగలేదుగా, ఆ బస్సాయన చెప్పాడు. నూనె లేదు. బ్రేకే పోయింది. వాడు తొక్కే ఉంటాడు పాపం, ఎన్నిసార్లు తొక్కాడో. నేనే సరిగా చూసుకోలేదు.”

“అవును మావయ్యా,” అంది ఆమె, అద్దంలో ఎర్రగా ఉన్న ఆయన పెదవులు కదలటం చూస్తూ. “తొక్కే ఉంటాడు.”

“ఏం తేలిందే?” రోలు ఆపి సంపూర్ణమ్మ లోపలినుంచి అరిచింది.

అద్దంలో ఆయన తల ఎత్తి కారు వైపు, ఆమె మెడ వైపు చూశాడు.

“బ్రేకే అత్తయ్యా,” అంది తెరేసమ్మ గట్టిగా. “బ్రేకే పోయింది.”

“చెప్పలా నేను,” అంది లోపలి గొంతు. రోలు మళ్ళీ తిరిగింది.

కాలు నొప్పి పుడుతోంది, పిక్క వణుకుతోంది. ఆమె ఇంకా పట్టుకునే ఉంది. గోడ అంతా ఎర్రగా, సాయంత్రం పూజవేళ గుడిలో దివ్యసత్ప్రసాదం పెట్టె ముందు వెలిగే ఎర్రదీపంలా, ఎవరో లోపల ఉన్నారని చెప్పే దీపంలా. అద్దంలోకి చూస్తున్న తన కళ్ళను ఆయన చూశాడో లేదో తెలియదు.

“ఇంక కాలు తియ్యమ్మా,” అన్నాడు శౌరయ్య చివరికి. “బ్యాటరీ దిగిపోద్ది.”

ఆ మాట అని ఆగిపోయాడు. వెలగని లైటుకు బ్యాటరీ దిగదు.

“సరే మావయ్యా,” అంది తెరేసమ్మ.

కాలు తీసింది. అద్దంలో గోడ తెల్లబడింది.